కమోడ్‌లో పసుపు చారలు ఎంత రుద్దినా పోవడం లేదా? అది మురికి కాదు, గార

అద్దె ఇంట్లోకి మారి నెలయింది, కమోడ్ లోపల పసుపు, గోధుమ రంగు చారలున్నాయి, రెండు సీసాల క్లీనర్ అయిపోయినా పోలేదు, ఇక యాసిడ్ పోసేయమంటారా అని మీరు అడిగారు. వద్దండీ, పోయకండి. మా ఇంట్లో పదిహేనేళ్లుగా ఈ పని నాదే. ఇందులో చేయకూడని పనులన్నీ ఒక్కొక్కసారి చేసేసి ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు యాసిడ్ కథ. అమీర్‌పేటలో కోచింగ్ రోజుల్లో ఐదుగురం కలిసి రూము తీసుకున్నాం. బాత్రూమ్ ఒక్కటే. కడిగే వంతులు గోడ మీద రాసుకున్నాం కానీ ఎవడి వంతు వచ్చినా వాడికి ఆ ఆదివారమే ఊరికెళ్లే పని పడేది. చివరికి నేను దొరికాను. వీధిలో సైకిల్ మీద ‘యాసిడ్, ఫినాయిల్’ అని అరుచుకుంటూ వచ్చే ఆయన దగ్గర ఒక సీసా కొన్నాను. పాత కూల్‌డ్రింక్ సీసా, లేబుల్ కూడా లేదు. సగం పోశాను. బుసబుసా పొంగింది, తెల్లగా పొగ లేచింది. పని బాగా జరుగుతోందనుకుని, ఇంకా తెల్లబడుతుందని దాని మీదే ఓ గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ చల్లాను.

ఒక్క క్షణంలో గొంతు పట్టేసింది. కళ్లు మండిపోయి తలుపు గొళ్లెం కూడా కనిపించలేదు, తడుముకుంటూ బయటపడ్డాను. కింద నుంచి ఓనర్ ఆంటీ ‘ఏం పోశార్రా, ఇల్లంతా కంపు’ అని కేకలు. రెండు రోజులు ఛాతీ పట్టేసినట్టుండి దగ్గుతూనే ఉన్నాను. ఆ వచ్చింది క్లోరిన్ గ్యాస్ అని తర్వాత తెలిసింది. యాసిడ్‌కి బ్లీచింగ్ తగిలితే వచ్చేది అదే. యాసిడ్ అంటే సైకిల్ మీద అమ్మేదొక్కటే కాదు. బజార్లో దొరికే టాయిలెట్ క్లీనర్ సీసా లేబుల్ చదవండి, చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడే. వెనిగర్, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కూడా ఆమ్లాలే. వీటిలో ఏది వాడినా ఆ రోజు బ్లీచింగ్ జోలికి వెళ్లకండి. ఒకటి పోసి, కడిగేసి, వెంటనే రెండోది పోయడం కూడా వద్దు. లోపలి వంపులో మిగిలింది మిగిలే ఉంటుంది. రెండూ కావాలంటే రెండు వేర్వేరు రోజుల్లో చేసుకోండి.

ఇప్పుడు మీ చారల సంగతి. మనం అన్నిటినీ ‘మరకలు’ అనేస్తాం కానీ కమోడ్‌లో కనిపించేవి ప్రధానంగా మూడు రకాలు. వేలితో, అదే గ్లౌజు వేసుకున్న వేలితో, రాస్తే జారుతూ ఊడొచ్చేది పాచి. నీటి అంచున వలయంలా కూడా పడుతుంది. దీనికి బ్రష్షు, సబ్బు చాలు, మరీ మొండిదైతే బ్లీచింగ్. ఎర్రటి ఇటుక రంగులో ఒకే గీతగా దిగేది తుప్పు, ఇనుము ఎక్కువున్న బోరు నీళ్ల వల్లో పాత పైపుల వల్లో వస్తుంది. దీని మీద బ్లీచింగ్ వేస్తే పోకపోగా ఇంకా ముదురుతుంది. మూడోది గార. పళ్లకు పట్టినట్టే గట్టిగా, గరుకుగా పడుతుంది. ఐస్‌క్రీమ్ పుల్లతో గీస్తే కరకరమంటుంది. బోరు నీళ్లలోని కాల్షియం పొరలు పొరలుగా పేరుకుని, దానికి మూత్రంలోని లవణాలు కూడా తోడై పసుపు రంగెక్కుతుంది. మీరు చెప్పిన దాన్ని బట్టి మీది ఇదే అయ్యుంటుంది. నీళ్లు కాచుకునే గిన్నె అడుగున తెల్లగా పట్టేది చూశారు కదా, దానికి ఇది అన్న.

గారతో వచ్చిన చిక్కేమిటంటే, బ్లీచింగ్ దాన్ని తెల్లబరుస్తుందే తప్ప కరిగించదు. చూడ్డానికి పోయినట్టుంటుంది, వారం తిరిగేసరికి ఆ గరుకు మీదే మళ్లీ పసుపు పడుతుంది. దాన్ని కరిగించేది ఆమ్లమే. అయితే ఘాటైన ఆమ్లం అక్కర్లేదు, నిదానమైనదైతే చాలు, చాలాసేపు దాన్ని అంటిపెట్టుకుని ఉండాలంతే. మీ రెండు సీసాలు పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే అనుకుంటున్నాను. పోసింది పోసినట్టు కింద నిలిచిన నీళ్లలోకి జారి పలచబడిపోతుంది. నీటి అడుగున ఉన్న గారకు చేరేది దాదాపు ఏమీ ఉండదు.

నిజాంపేటలో మేం అద్దెకు దిగిన ఫ్లాట్‌లో బోరు నీళ్లు ఎలాంటివంటే, షవర్ రంధ్రాలు ఆరు నెలలకు పూడుకుపోయేవి. అంతకుముందు ఆ ఇల్లు చాలాకాలం ఖాళీగా ఉందట. కమోడ్ చూసి మా ఆవిడ ‘ఓనర్‌తో కొత్తది వేయించాకే దిగుదాం’ అంది. నేను రెండు రాత్రులు టైమ్ అడిగాను.

మొదటి రాత్రి పడుకునే ముందు ఫ్లష్ ట్యాంకు కిందుండే యాంగిల్ కాక్ కట్టేసి ఒకసారి ఫ్లష్ చేశాను. ఇక ట్యాంకులోకి నీళ్లు రావు. బ్రష్షుతో కమోడ్‌లో నిలిచిన నీళ్లను వెనక్కి, కంతలోకి టకటకా నెట్టాను, సగానికి పైగా పోయాయి. మిగిలినవి పాత మగ్గుతో తోడి, స్పాంజితో అద్దేశాను. గ్లౌజులు వేసుకునే లెండి. గార అసలు రూపం అప్పుడు కనిపించింది. నీటి మట్టం కింద మట్టిరంగులో, చేపపొలుసులా ఉంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు వంద గ్రాములు ఒక లీటరు గోరువెచ్చని నీళ్లలో కలిపాను. సలసల కాగే నీళ్లు పోయకండి, పింగాణీ చిట్లే ప్రమాదం ఉంది. టిష్యూ పేపర్లు ఆ నీళ్లలో ముంచి, చారలున్న చోటల్లా పట్టీల్లా అతికించాను. మిగిలిన నీళ్లు నెమ్మదిగా అడుగుకు పోసి మూత వేశాను. ఇంకో బాత్రూమ్ ఉంది కాబట్టి సరిపోయింది. మీకు ఒక్కటే ఉంటే రాత్రి అందరూ వెళ్లొచ్చాక మొదలుపెట్టండి.

పొద్దున పేపర్లు తీస్తే (కమోడ్‌లోకి తోసేయకుండా చెత్తబుట్టలో వేయండి) కొంత తెల్లబడింది, గార మెత్తబడింది. పాత ఏటీఎమ్ కార్డు అంచుతో గీస్తే రేకులు రేకులుగా లేచింది. అక్కడక్కడా మొండిగా మిగిలిన చోట రెండో రాత్రి మళ్లీ అదే పని. మూడో రోజు పొద్దున మా ఆవిడ చూసి ఏమీ అనలేదు, కొత్త కమోడ్ మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. చాకు, స్టీలు పీచు, ఇసుక కాగితం మాత్రం వాడకండి. పైనున్న నునుపు పొర గీసుకుపోతే గార ఇంకా సులువుగా పట్టేస్తుంది.

చాలామంది వదిలేసేది అంచు కింది భాగం. ఫోన్ సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, కాస్త జాగ్రత్తగా పట్టుకుని అంచు కిందకు చూడండి. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ పూట టిఫిన్ సయించలేదు. ఫ్లష్ నీళ్లు దిగే రంధ్రాలు అక్కడే ఉంటాయి. గార పట్టి అవి పూడితే ఫ్లష్ నీరసంగా వస్తుంది, దానివల్ల కమోడ్ సరిగా కడుక్కోదు, కాబట్టి గార ఇంకా పడుతుంది. క్లీనర్ సీసాలకు మెడ వంచి ఉండేది ఈ అంచు కింద పోయడానికే. వారానికోసారి సీసా క్లీనర్ వాడటంలో తప్పేమీ లేదు. అంచు కింద చుట్టూ పోసి లేబుల్ మీద చెప్పినంతసేపు వదిలేయండి. మనం ఇటు పోసి అటు రుద్దేస్తాం, అందుకే భుజాలు నొప్పెడతాయి. రంధ్రాలకు పాత టూత్‌బ్రష్షు బాగా పనికొస్తుంది. దాన్ని వెంటనే పారేయండి, మళ్లీ స్టాండులోకి చేరిందంటే ఇంట్లో గొడవే.

వంట సోడా, వెనిగర్ కలిపి పోయమని వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతుంటాయి. నురగ చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, రెండూ ఒకదాన్నొకటి చల్లార్చుకుని ఉప్పునీళ్లలాంటిదేదో మిగులుతుంది. విడివిడిగా వాడితే రెండూ మంచివే, కలిపితే డబ్బు దండగ.

ఇంకో ముఖ్యమైన సంగతి. చార ఒకే చోట, పైనుంచి కిందకు సన్నగా దిగుతూ, కడిగిన నాలుగు రోజులకే మళ్లీ వస్తోందంటే తప్పు మీ కడగడంలో లేదు. ఫ్లష్ ట్యాంకులో వాషర్ అరిగి నీళ్లు రాత్రీపగలూ సన్నగా కారుతుంటాయి. ఆ కారే దారిలోనే గారో తుప్పో పడుతుంది. మా నిజాంపేట ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. రెండు రాత్రులు కష్టపడి కడిగింది నెలలో మళ్లీ మొదటికొచ్చింది. పరీక్ష చాలా తేలిక. ట్యాంకు మూత తీసి, బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు వేసి, ఓ ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకుండా చూసుకోండి. కమోడ్‌లోకి నీలం దిగిందంటే లీకు ఉన్నట్టే.

వాసన వస్తోందని కొందరు లోపలే మళ్లీ మళ్లీ కడుగుతుంటారు. కారణం తరచూ బయటే ఉంటుంది. సీటు బిగించే బోల్టుల చుట్టూ, సీటు అడుగున, కమోడ్ నేలకు ఆనే చోట వేసిన తెల్ల సిమెంటు అంచున వెతకండి. మగవాళ్లున్న ఇంట్లో ఆ సిమెంటు ఎంత పీల్చుకుంటుందో చెప్పనక్కర్లేదు. నేను మూడు నెలలకోసారి సీటు విప్పి సబ్బునీళ్లలో కడుగుతాను. బోల్టులు విప్పిన చోట కనిపించేది చూశాక మా అబ్బాయికి కూర్చునే పోసుకోవడం అలవాటు చేశాను. అన్నీ శుభ్రంగా ఉన్నా ఇంకా వాసనొస్తుంటే నేల మీది జాలీ చూడండి. వాడని బాత్రూమ్‌లో జాలీ కింద నిలవాల్సిన నీళ్లు ఎండిపోతే డ్రైనేజీ గాలి నేరుగా పైకొస్తుంది. ఒక చెంబుడు నీళ్లు పోస్తే చాలు.

మా ఊళ్లో ఇప్పటికీ కింద కూర్చునే టాయిలెట్టే. అమ్మ దానికి ప్రత్యేకంగా బ్రష్షు కొనదు, అరిగిపోయిన కొబ్బరి ఈనెల చీపురును పొట్టిగా కోసి వాడుతుంది. నిజం చెప్పాలంటే మూలల్లోకి ఆ ఈనెలు దూరినంత బాగా ఏ బ్రష్షూ దూరదు. అక్కడ చూసుకోవాల్సింది పాదాలు పెట్టే చోట పట్టే పాచి. పెద్దవాళ్లు జారిపడేది అక్కడే. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇల్లయితే బ్లీచింగ్, ఫినాయిల్, యాసిడ్ రోజూ సీసాల లెక్కన పోయకూడదు. ట్యాంకులో మలాన్ని కరిగించేవి సూక్ష్మజీవులు, అవి చచ్చిపోతే ట్యాంకు తొందరగా నిండుతుంది. అమ్మకు ఈ మాట ఎక్కడానికి రెండేళ్లు పట్టింది. ఫినాయిల్ వాసన రాకపోతే ఆవిడ లెక్కలో కడిగినట్టు కాదు.

యాసిడ్ వల్ల ఇంకో నష్టం కూడా చూశాను. మూత సరిగా బిగించని సీసాను సింకు కింద పెట్టి మర్చిపోయాను. నెల తిరిగేసరికి కొళాయిల మెరుపు పోయి మచ్చలు పడ్డాయి, తలుపు బందులు తుప్పుపట్టాయి. అంతా ఆ ఆవిరి పనే. పాలరాయి గడప మీద చుక్కలు పడ్డ చోట నునుపు పోయి సుద్దలా తయారైంది, ఈరోజుకీ అలాగే ఉంది. నిమ్మ ఉప్పు నీళ్లు కూడా పాలరాయి మీద పడనివ్వకండి.

మీ ఇంట్లో వేరేవాళ్లు కడుగుతుంటే గ్లౌజులు మీరే కొనివ్వండి. మా ఇంటికి పనికొచ్చే ఆవిడ మొదటి రోజు ఉత్త చేతులతో క్లీనర్ సీసా పట్టుకుంది. చేతులు మండవా అంటే ‘అలవాటైపోయింది సార్’ అంది. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా పొలుసులు లేచి ఉంది. ఆ రోజు నుంచి ఆ బాత్రూమ్‌లో ఎవరు కడిగినా గ్లౌజులు, తలుపు తీసి ఉంచడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి.

రోజూ పెద్ద పనేమీ అక్కర్లేదు. స్నానానికి వెళ్లేముందు బ్రష్షుతో ఒక చుట్టు తిప్పితే గార గట్టిపడే అవకాశం బాగా తగ్గుతుంది. బ్రష్షును తడిగా డబ్బాలో పెట్టకండి, అడుగున నిలిచే నీళ్లు కమోడ్ కంటే ఘోరంగా ఉంటాయి. కడిగాక బ్రష్షు తల కమోడ్‌లోకి వేలాడేలా పెట్టి, పిడిని సీటుతో నొక్కి పది నిమిషాలు వదిలేస్తే నీళ్లన్నీ కారిపోతాయి.

మీరు మాత్రం ఇవాళ నిమ్మ ఉప్పు కొనేముందు ఆ నీలిమందు పరీక్ష చేయండి. నీలం దిగితే ముందు ప్లంబర్‌ని పిలిచి వాషర్ మార్పించండి, అద్దె ఇల్లు కాబట్టి ఖర్చు ఓనర్‌నే పెట్టుకోమని అడగండి. దిగకపోతే ఈ రాత్రికే పట్టీలు వేసేయండి.