పదేళ్లకీ పాతబడని హాలు కావాలంటే...

ప్రశ్న: హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్ తీసుకున్నాం. హాలంతా ఇటాలియన్ మార్బుల్, టీవీ వెనక గాడి గీతల ఫ్లూటెడ్ ప్యానెల్, అంచులకి గోల్డ్ పట్టీలు వేద్దామంటున్నారు డిజైనర్. బొమ్మల్లో బాగానే ఉంది. పదేళ్ల తర్వాత మళ్లీ పగలగొట్టించుకోవాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు

జవాబు: మార్బుల్ నిలుస్తుందండీ, మిగతా రెండూ కష్టమే. ఒకప్పుడు పీఓపీతో సీలింగ్ నిండా పువ్వులు చేయించుకుని, వాటి మధ్యలోంచి నీలం లైటు వచ్చేలా పెట్టించుకున్నవాళ్లని అడగండి, ఇప్పుడు ఆ లైటు స్విచ్ ఎక్కడుందో కూడా మర్చిపోయుంటారు.

ఏ వస్తువు గురించైనా నేను అడిగేది ఒకటే. గీత పడితే మళ్లీ పాలిష్ పట్టించగలమా, లేదా? రాయికి పట్టించొచ్చు, గట్టి టేకుకి చిత్రిక పట్టించొచ్చు, అసలు ఇత్తడి అయితే చింతపండేసి తోముకోవచ్చు. లామినేట్‌కీ (ప్లైవుడ్ మీద అతికించే డిజైన్ షీటు), బంగారు రంగు పూసిన స్టీలు పట్టీకీ పైపొర లేచిపోతే ఇక మార్చడమే. వెనీర్, అంటే ప్లైవుడ్ మీద అతికించే అసలు చెక్క రేకు, వీటికి మధ్యలో ఉంటుంది, పల్చటి పొర కాబట్టి గట్టిగా రుద్దితే కింద ప్లైవుడ్ కనబడుతుంది. అందుకే పెద్ద ఖర్చంతా పీకలేని వాటి మీద, అంటే నేల, తలుపులు, కిటికీలు, కుళాయిల మీద పెట్టండి. ఫ్లూటెడ్ ప్యానెల్ మరీ ముచ్చటగా ఉంటే ఒక్క గోడకి, రెండు మేకులు పీకితే ఊడొచ్చేలా పెట్టించుకోండి.

ఇక మార్బుల్ విషయం. 1884లో మొదలుపెట్టి కట్టిన ఫలక్‌నుమాలో ఇటాలియన్ మార్బుల్‌ని ఇప్పటికీ జనం నోరు తెరుచుకుని చూస్తున్నారు. నిజమే, కానీ ఆ మెట్ల మీద ఎవరూ పులుసు ఒలకబోయరు కదా! మార్బుల్ అంటే కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, చింతపండు, బాత్రూమ్ యాసిడ్ ఏది పడినా పైన మెరుపు తినేసి మచ్చ మిగులుస్తుంది. పైన సీలర్ (మరకలు ఇంకకుండా రాయికి పూసే మందు) కొట్టిస్తే ఏమీ కాదని షాపువాళ్లు చెబుతారు, అది నూనె, పసుపు లోపలికి ఇంకకుండా కొంత ఆపుతుందేగానీ పులుపు తినేయడాన్ని ఆపదు. కాబట్టి హాల్లో వేసుకోండి, వంటగట్టు మీద వద్దు. అక్కడికి గ్రానైటే రైటు. మన ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ, ఆ నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయే, దాన్ని విదేశాలవాళ్లు తెప్పించుకుని మరీ వేసుకుంటున్నారు, మనకేమో అది ‘మామూలు’ అయిపోయింది. తాండూరు రాయి సంగతీ అంతే. అద్దంలా మెరిసే పాలిష్ కాకుండా తోలులా కాస్త గరుగ్గా, మెరుపు తక్కువగా ఉండే లెదర్ ఫినిష్ చేయించి చూడండి, ఎంత హుందాగా ఉంటుందో. కాకపోతే అదీ సున్నపురాయే, పులుపు దగ్గర మార్బుల్‌కి పెట్టిన రూలే దీనికీ.

మార్బుల్ పరిచేటప్పుడు మేస్త్రీ దగ్గర నిలబడి, లేత రంగు పలకల కింద తెల్ల సిమెంటే వాడుతున్నాడా లేదా చూసుకోండి. మామూలు సిమెంటు వేస్తే ఆ నలుపు పైకి కనిపించే ప్రమాదం ఉంది.

ప్రశ్న: కోనసీమలో మా తాతగారి మండువా ఇల్లు పడగొడుతున్నారు. టేకు స్తంభాలు, తలుపులు అమ్మేద్దామంటున్నారు బాబాయిలు. మా అపార్ట్‌మెంట్‌లో పెట్టుకుంటే నప్పుతాయా?
– ఓ పాఠకుడు

జవాబు: అమ్మనివ్వకండి! ఏళ్ల తరబడి ఆరిన టేకు అది, కొత్త చెక్కలా వంకర్లు తిరిగే భయం తక్కువ. అలాగని అన్నీ తెచ్చి హాల్లో నింపకండి, ఇల్లు పాత సామాన్ల కొట్టులా ఉంటుంది. ఒక జత స్తంభాలు, ఒక తలుపు చాలు. పాత తలుపులు ఎత్తు తక్కువ ఉంటాయి కాబట్టి గుమ్మానికి సరిపోకపోవచ్చు, పూజగదికి వాడుకోవచ్చు, లేదంటే పైన గాజు వేసి భోజనాల బల్ల చేయించొచ్చు. తెచ్చేముందు చెదలు, పురుగు ఉన్నాయేమో చూపించి మందు పెట్టించండి. ఒక జాగ్రత్త ముఖ్యం. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది, ఇంట్లో పిల్లలుండగా ఉప్పుకాగితంతో పొడిగా గీకించొద్దు, వర్క్‌షాపులోనే తీయించండి. తర్వాత మెరిసే పాలిష్ వద్దు, మైనం పట్టిస్తే చాలు, చెక్క చెక్కలాగే కనిపిస్తుంది.

ప్రశ్న: ఎక్కడ చూసినా గ్రేనే, విసుగొచ్చింది. తెలుపు వేస్తే ఆసుపత్రిలా ఉంటుందేమో?
– ఓ పాఠకురాలు

జవాబు: ఆసుపత్రి కళ చాలాసార్లు లైటు వల్ల వస్తుంది. లైటు రంగుని కెల్విన్‌లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు వస్తుంది. 6500 కెల్విన్ ట్యూబులైటు కింద ఏ తెలుపైనా నీలంగా, చల్లగా కనిపిస్తుంది, అదే గోడ మీద 3000 కెల్విన్ బల్బు వేసి చూడండి. తెలుపులో కాస్త పసుపు చాయ ఉన్న సున్నం తెలుపు తీసుకోండి, దానికి తోడు కావి ఎరుపో నీలిమందు నీలమో ఒక్కటి చాలు, అదీ గోడకి కాకుండా మంగళగిరి కర్టెన్లలోనో పోచంపల్లి దిండు గలీబుల్లోనో ఉంటే బోర్ కొట్టినప్పుడు మార్చేసుకోవచ్చు. షేడ్‌కార్డు చూసి మాత్రం ఆర్డరివ్వకండి. లప్పం పెట్టాక రెండు గోడల మీద రెండడుగుల ముక్క చొప్పున వేయించి, పొద్దున ఒకసారి, రాత్రి లైట్లేసి ఒకసారి చూసి అప్పుడు పెయింటర్‌కి చెప్పండి.