క్రెష్ ఫీజు కోసం ఉద్యోగం మాని పీఎఫ్ తీసెయ్యాలా? మా ఇంట్లో జరిగింది చెబుతా

మీ పాపకు తొమ్మిది నెలలు, క్రెష్‌కి నెలకు 14 వేలు, మీ చేతికొచ్చేది 38 వేలు. ఉద్యోగం మానేసి, పీఎఫ్ తీసుకుని రెండేళ్ళు నెట్టుకొద్దామని మీవారు అంటున్నారు. ఏం చేయాలని కదా అడిగారు. 2014లో మేం అచ్చం ఇదే చేశామండీ.

అప్పుడు మియాపూర్‌లో ఉండేవాళ్ళం. నా జీతం 24 వేలు, క్రెష్ 5 వేలు. బాబుకి పది రోజులకోసారి జ్వరం. అత్తయ్యగారు గేదెల్ని వదిలి రాలేరు. మానేశాను. వాడితో ఇంట్లో ఉన్నందుకు నాకు ఈ రోజుకీ బాధ లేదు. బాధంతా పీఎఫ్ గురించే. పెన్షన్ వాటాతో కలిపి లక్షా 5 వేలు వచ్చింది. రెండేళ్ళకని తీసిన డబ్బు ఐదు నెలలు ఆగలేదు. ఇన్వర్టర్‌కి 18 వేలు, మొదటి పుట్టినరోజు ఫంక్షన్ హాలుకీ భోజనాలకీ 42 వేలు, ఎప్పుడో పాడేసిన చీటీ వాయిదాలు... పాలవాడి లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను, ఇంకా ఉంది. అందులో డైపర్లకని రాసింది 1,100.

ఆ లక్షలో పీఎఫ్ ఓ 80 వేలు. 2024–25కి ఇచ్చిన 8.25 శాతం వడ్డీ అలాగే సాగితే 25 ఏళ్ళకు అది 5 లక్షల 80 వేలవుతుంది. ఉద్యోగం మానినా, తీయకుండా వదిలేస్తే 58 ఏళ్ళు వచ్చేదాకా వడ్డీ పడుతూనే ఉంటుంది. పెన్షన్‌కి పదేళ్ళ సర్వీసు కావాలి. పెన్షన్ వాటా కూడా తీసేసుకున్నాను కదా, 2018లో 19 వేలకి మళ్ళీ చేరితే నా లెక్క సున్నా నుంచి మొదలైంది. మానకముందు చేసిన ఆ నాలుగేళ్ళూ పోయినట్టే.

క్రెష్ ఫీజుని అందరూ తల్లి జీతంలోంచే తీసేస్తారెందుకో! పాప ఇద్దరిదీ కదా. రెండోవాడప్పుడు ఫీజు 9 వేలు. ఆయన ఖాతా నుంచి 5, నా ఖాతా నుంచి 4 వెళ్ళేలా పెట్టుకున్నాం. అంతే, "నీ జీతమంతా క్రెష్‌కే పోతోంది" అనే మాట మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు. మీ బేసిక్ 20 వేలనుకుంటే, పీఎఫ్‌కి మీ 12 శాతం 2,400, కంపెనీది పెన్షన్ వాటాతో కలిపి ఇంకో 2,400. చేతికి రాదు కాబట్టి ఈ డబ్బు మీ లెక్కలోకి వచ్చినట్టు లేదు.

మీ కంపెనీలో 50 మంది, అంతకుమించి ఉంటే క్రెష్ సౌకర్యం కల్పించాలని 2017లో ప్రసూతి చట్టానికి చేసిన సవరణ చెప్పింది. హెచ్‌ఆర్‌ని మెయిల్‌లోనే అడగండి, నోటిమాటకి జవాబు రాదు. ఈ రెండేళ్ళూ మరీ బిగుసుకుపోతే, పీపీఎఫ్ (మనంతట మనం వేసుకునే పొదుపు ఖాతా), సుకన్య (ఆడపిల్ల పేరిట పొదుపు ఖాతా) ఉంటే పీపీఎఫ్‌ని ఏడాదికి 500కి, సుకన్యని 250కి తగ్గించుకోండి. ఖాతాలు బతికుంటాయి, పాప బడికెళ్ళాక మళ్ళీ పెంచుకోవచ్చు.

పాప ఆరోగ్యం కోసమో, మీ మనసు ఒప్పుకోకో మానాల్సి వస్తే మానండి, తప్పులేదు. పీఎఫ్ జోలికి మాత్రం వెళ్ళకండి. ఎంత చెప్పినా తీసే తీరాలంటే ముందు పాస్‌బుక్ తెరిచి సర్వీసు ఎంతైందో చూడండి. ఐదేళ్ళు నిండకుండా తీస్తే పన్ను పరిధిలోకి వస్తుంది. నాలుగేళ్ళ పది నెలల దగ్గర ఉంటే ఆ రెండు నెలలూ పళ్ళబిగువున పనిచేసి అప్పుడు మానండి.