డచ్ ఓవెన్‌లో టర్కీ: అడుగు మాడుతోంది, తొడ ఉడకడం లేదు, ఎందుకు?

మీరు రాసిన దాని ప్రకారం డచ్ ఓవెన్, అంటే నిప్పుల మధ్య వండే మూత ఉన్న పోత ఇనుప గిన్నె, 12 అంగుళాలది, టర్కీ 12 పౌండ్లది. కింద పాతిక బ్రికెట్లు (అచ్చుపోసిన బొగ్గు బిళ్లలు), పైన పది పెట్టారు. రెండు గంటలకి మూత తీస్తే అడుగు మాడింది, రొమ్ము పాలిపోయి ఉంది, తొడ ఎముక దగ్గర ఇంకా ఎర్రగా ఉంది. గిన్నె చాలలేదు, పైన ఎక్కువ ఉండాల్సిన నిప్పు కింద ఎక్కువైంది. ఈ రెండూ సరిచేసుకుంటే ఈ థాంక్స్‌గివింగ్‌కి పెరట్లోనే నిక్షేపంగా వండుకోవచ్చు.

12 అంగుళాల లోతు గిన్నెలో 8 క్వార్టులు (క్వార్టు అంటే దాదాపు లీటరు) పడుతుంది. అది పెద్ద కోడికి సరిపోతుంది, టర్కీకి సరిపోదు. 14 అంగుళాల లోతు రకం, అంటే 10 క్వార్టులది తీసుకోండి. కింద మూడు కాళ్లు, మూత చుట్టూ నిప్పులు జారిపోకుండా అంచు ఉండాలి. ఎనామెల్ పూత ఉన్నవి ఈ పనికి వద్దు. టర్కీ 10 పౌండ్లు దాటకుండా చూసుకోండి. ముందు రోజు రాత్రే పక్షిని గిన్నెలో పెట్టి మూత వేసి చూడండి. మూత తగిలితే రొమ్ము ఎముక మీద అరచేత్తో గట్టిగా నొక్కండి, చిన్న చప్పుడుతో విరిగి అణుగుతుంది. అప్పటికీ తగులుతుంటే వీపు ఎముక కత్తిరించి తీసేసి పరిచినట్టు పెట్టడమే దారి. మూతకి ఆనుకున్న చోట స్కిన్ కచ్చితంగా మాడుతుంది.

గడ్డకట్టిన టర్కీని ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి. ప్రతి నాలుగైదు పౌండ్లకి ఒక రోజు చొప్పున, 10 పౌండ్లకి రెండు మూడు రోజులు పడుతుంది. లోపల మంచు మిగిలి ఉండటం కూడా తొడ పచ్చిగా మిగలడానికి పెద్ద కారణం. పొట్టలోంచి, మెడ వైపు నుంచి గిబ్లెట్ల సంచీ (మెడ, గుండె, కార్జం లాంటివి ఉన్న పొట్లం) తీశారో లేదో చూసుకోండి. కడగకండి, ఆ నీళ్లు సింకంతా చిందుతాయి. పేపర్ టవల్‌తో తడి అద్దితే చాలు. మెత్తటి ఉప్పు ఒకటిన్నర టేబుల్ స్పూన్లు లోపలా బయటా రాసి, మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. లేబుల్ మీద ఉప్పునీళ్లు ఎక్కించినట్టు రాసి ఉంటే అందులో సగం ఉప్పే వాడండి. అల్లం వెల్లుల్లి, కారం పట్టించాలనుకుంటే వెన్నలో కలిపి స్కిన్ కిందకి తోయండి. పైన రాస్తే మూత వేడికి నల్లబడి చేదెక్కుతుంది.

ఇక నిప్పు. మన దమ్ బిర్యానీకి మూత మీద నిప్పులు పోసే పద్ధతే ఇది, కాకపోతే ఇక్కడ పైవేడిదే పెద్ద వాటా. 14 అంగుళాల గిన్నె 350 ఫారెన్‌హీట్ దగ్గర నిలవాలంటే పైన 21, కింద 11 బ్రికెట్లు. ఇనుము కింది వేడిని నేరుగా ముక్కకి అందిస్తుంది, పైవేడి గాలి దాటి రావాలి. అందుకే కింద తక్కువ. ఆ 11 కూడా నడిమధ్యన కుప్పగా కాకుండా అంచు వెంబడి వలయంగా పేర్చండి. గిన్నెలో అడుగున పెద్ద ముక్కలుగా కోసిన ఉల్లి, క్యారెట్, సెలరీ పరిచి, ఒక కప్పు నీళ్లు పోసి, దాని మీద టర్కీని రొమ్ము పైకి ఉండేలా పెట్టండి.

బ్రికెట్లు చిమ్నీ స్టార్టర్‌లోనే (బొగ్గు అంటించే రేకు గొట్టం) అంటించండి. లైటర్ ఫ్లూయిడ్ వద్దు, ఆ వాసన మాంసానికి పడుతుంది. అంచులు తెల్లబడ్డాకే వాడాలి. ఒక విడత ముప్పావు గంటకి నీరసిస్తుంది, కాబట్టి మొదటి విడత పెట్టిన అరగంటకే రెండోది అంటించండి. చాలామందికి వంట ఆగిపోయేది ఇక్కడే. పాతవి బూడిదయ్యాక కొత్తవి అంటించుకుంటే మధ్యలో గిన్నె చల్లారుతుంది. గాలి వీస్తే నిప్పు త్వరగా ఖర్చవుతుంది, గిన్నె వేడీ పోతుంది. గాలి వచ్చే వైపు రేకు అడ్డం పెట్టండి. నవంబరు చలిలో పైన నాలుగైదు ఎక్కువే పెట్టుకోవాలి. ప్రతి పావుగంటకీ గిన్నెని ఒక వైపు పావు చుట్టు, మూతని ఎదురు వైపు పావు చుట్టు తిప్పండి.

మూత మాత్రం ఊరికే తీయకండి. తీసిన ప్రతిసారీ వేడి పోతుంది. లోపలేం జరుగుతోందో చెవికే తెలుస్తుంది: సన్నగా బుడబుడమంటుంటే బాగుంది, పొడిగా చిటపటమంటే నీళ్లు ఇంకాయి, వేణ్నీళ్లు అరకప్పు పోయాలి. తీసే ముందు చిన్న చీపురుతో మూత అంచు మీది బూడిద ఊడ్చి, మూత ఎత్తే కొక్కెం, అంటే లిఫ్టర్‌తో నిటారుగా, ఏ మాత్రం వంచకుండా పైకెత్తండి. ఒక్క వంపు చాలు, బూడిదంతా గ్రేవీలో పడుతుంది.

10 పౌండ్లకి రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది, కానీ గడియారాన్ని కాక థర్మామీటర్‌నే నమ్మండి. రొమ్ములో మందమైన చోట 165 ఫారెన్‌హీట్ రావాలి. తొడ లోపలి వైపు ఎముకకి తగలకుండా గుచ్చితే 175 ఉండాలి. ఉడికిందని చెప్పడానికి పక్షికి గుచ్చి అమ్మే ప్లాస్టిక్ మీట పైకి లేచేసరికి రొమ్ము తరచూ ఎండిపోతుంది.

ఒక మాట ముందే తెలుసుకోండి, మూతపెట్టిన గిన్నెలో ఆవిరి ఉంటుంది కనుక మామూలు ఓవెన్‌లో వచ్చేంత కరకరలాడే స్కిన్ రాదు. రొమ్ము 150 దాటాక కింది నిప్పులు సగం తీసి పైకి మార్చి, మూత ఒక పక్క వేలెడు సందు ఉండేలా ఇనుప మేకు మీద ఆనించండి. ఆవిరి పోయి ఇరవై నిమిషాల్లో గోధుమ రంగు తిరుగుతుంది. దించి అరగంట ఆగాక కోయండి.

గ్యారేజ్ లోపల ఇదంతా చేయకండి, బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. గిన్నె కింద గడ్డి కాకుండా లోహపు ట్రే ఉండాలి. మిగిలిన బూడిద మూత ఉన్న రేకు డబ్బాలో రెండు రోజులు ఉంచాకే చెత్తలో వేయండి. వేడి గిన్నెలో మాత్రం చన్నీళ్లు పోయొద్దు, పోత ఇనుము పగిలిపోతుంది. గోరువెచ్చగా అయ్యాక వేణ్నీళ్లతో తోమి, పొయ్యి మీద ఆరబెట్టి, పల్చగా నూనె రాసి పెట్టండి.