లండన్ దెయ్యం వాంగ్మూలం ఇస్తే, హైదరాబాద్ దెయ్యం ఇవ్వదా?

ప్రశ్న: పోలీసు దర్యాప్తునూ మంత్రవిద్యనూ కలిపి, నేటి నగరాల్లో నడిపే నవలలు ఇంగ్లీషులో బాగా వస్తున్నాయి. హైదరాబాద్ నేపథ్యంతో తెలుగులో రాస్తే నప్పుతాయా? కొత్తవాళ్లు ఏది ముందు చదవాలి?

నప్పుతాయా అన్న సందేహమే నాకు నచ్చలేదు. లష్కర్ బోనాల మరునాడు సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో రంగం జరుగుతుంది. ఒక స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి రాబోయే ఏడాది వానలెలా ఉంటాయో, ఊరికి ఏ గండం ఉందో చెబుతుంది. ఎదురుగా ఖాకీ దుస్తుల్లో బందోబస్తు సిబ్బంది నిలబడి వింటుంటారు. మరునాడు పత్రికలు ఆ మాటలను వాతావరణ సూచన పక్కనే అచ్చు వేస్తాయి. పోలీసులూ అమ్మవారూ ఒకే చోట డ్యూటీ చేసే ఊరు ఇది. ఇక్కడ నప్పకపోతే ఇంకెక్కడ నప్పుతుంది?

మనవాళ్లు రాయకపోవడానికి కారణం వేరే ఉంది. మంత్రం రాయడం మనకు బాగా వచ్చు, స్టేషన్ రాయడమే రాదు. నేను నాంపల్లి కోర్టుల్లో ఒక వకీలు దగ్గర గుమాస్తాను. ఛార్జిషీట్లు, పంచనామాలు, వాంగ్మూలాల నకళ్లు రోజూ నా చేతుల మీదుగా పోతుంటాయి. కాబట్టి ఈ విషయంలో నా మాట కాస్త నమ్మవచ్చు. మన అపరాధ పరిశోధన నవలలను చూడండి. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ దగ్గర నుంచీ డిటెక్టివ్ అంటే ప్రైవేటు మనిషే. ఆయనకు అసిస్టెంటు, కారు, తెలివి అన్నీ ఉంటాయి. స్టేషన్లో కాగితాలన్నీ రాసే పోలీసు, రైటర్ అంటారు, అతను ఉండడు, రోజూ జరిగేవన్నీ ఎక్కించే జనరల్ డైరీ ఉండదు, తెల్లకాగితాలు మీరే తెచ్చుకోండి అనే హెడ్ కానిస్టేబుల్ ఉండడు. క్షుద్రవిద్య వైపు చూస్తే యండమూరి 'తులసీదళం' వంటి నవలలు మన ఇళ్లలో రాత్రిళ్లు దీపం ఆర్పనివ్వలేదు. కానీ అక్కడ భయం ఇంట్లో, ఆసుపత్రిలో ఉంటుంది తప్ప ఎఫ్‌ఐఆర్‌లో ఉండదు. ఈ రెండు పాయలూ మన దగ్గర కలవలేదు.

ఇంగ్లీషులో కలిపినవాళ్లలో నాకు నచ్చినవాడు బెన్ ఆరనోవిచ్. 2011లో 'రివర్స్ ఆఫ్ లండన్' రాశాడు. అమెరికాలో అదే పుస్తకం 'మిడ్‌నైట్ రయట్' అనే పేరుతో వచ్చింది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద రెండు పేర్లతో రెండు ప్రతులు కనిపిస్తే రెండూ కొనకండి. నాకు తెలిసిన ఒకాయన కొని, మూడో అధ్యాయం దాకా చదివాక దుకాణదారుతో తగవు పెట్టుకున్నాడు. కథ ఇలా మొదలవుతుంది. పీటర్ గ్రాంట్ అనే కుర్ర కానిస్టేబుల్ చలిలో, రాత్రివేళ, హత్య జరిగిన చోట కాపలా కాస్తుంటాడు. ఒక సాక్షి వచ్చి తాను చూసింది చెబుతాడు. ఆ సాక్షి దెయ్యం. మన కథల్లో అయితే కుర్రవాడు కేక పెట్టి పరుగెత్తేవాడు, తెల్లవారితే జ్వరం. ఇతను సాక్షి చెప్పేది జాగ్రత్తగా వింటాడు. ఆ ఒక్క పేజీలో నేను పడిపోయాను. అప్పటికి అతన్ని కాగితాల పని చేసే విభాగానికి పంపేయడానికి పైవాళ్లు సిద్ధంగా ఉంటారు. మాంత్రిక కేసులు చూసే ఇన్‌స్పెక్టర్ నైటింగేల్ కంటపడటంతో ఆ గండం తప్పుతుంది. అంటే అతను మంత్రాల్లోకి వచ్చింది దేవుడు ఎంచుకోవడం వల్ల కాదు, పోస్టింగు వల్ల. ఉద్యోగం చేసేవాడికి ఇది ఎంత నిజమో తెలుస్తుంది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటు సంగతి చెప్పాలి. మలక్‌పేట వైపు ఉంటాము. అసోసియేషన్ సెక్రటరీ పదవి ఎవరూ తీసుకోకపోతే నా మెడకు చుట్టారు. ఒక అమావాస్య మరునాటి ఉదయం లిఫ్టు తలుపు ముందు ఎర్రటి గుడ్డ, దాని మీద కుంకుమ పూసిన నిమ్మకాయ, పిండితో చేసిన బొమ్మలాంటిదేదో, కొన్ని గుండుసూదులు కనిపించాయి. మూడో అంతస్తు పెద్దాయనకు అయిదో అంతస్తులో అద్దెకుండే కుటుంబంతో పార్కింగ్ గురించి పాత గొడవ. ఇంకేముంది, చేతబడి అన్నాడు. అవతలివాళ్లు పరువునష్టం అన్నారు. సాయంత్రానికి ఇరుపక్షాలూ, మధ్యలో నేను, ఆ మూటతో సహా స్టేషన్లో ఉన్నాము. ఏ స్టేషనో చెప్పను, రేపు మళ్లీ పని పడుతుంది.

అక్కడి రైటర్ రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. నవ్వలేదు, భయపడలేదు. కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టారు.

"మొదట చూసింది ఎవరు?"

"పాలు తేవడానికి దిగినప్పుడు నేనే చూశానండీ," అన్నాడు పెద్దాయన.

"గుడ్డ అప్పటికే విప్పి ఉందా, మీరు విప్పారా?"

"నేను ముట్టుకుంటానా! వాచ్‌మన్ చేత కర్రతో విప్పించాను."

"అంటే విప్పించారు. లిఫ్టుకు ఎన్ని అడుగుల దూరం? సెక్రటరీ గారూ, మీరు చెప్పండి."

ఇలా అరగంట. వస్తువులన్నీ వరసగా కాగితం మీదకు ఎక్కాయి, నిమ్మకాయ ఒకటి, ఎర్ర గుడ్డ ఒకటి అంటూ. ఆయన నిమ్మకాయను పెన్సిల్‌తో దొర్లించి చూశారు. అది కోసినది కాదు, నలిగినది. ఒక పక్క నల్లటి గీతలున్నాయి. బొమ్మ అనుకున్నది బొమ్మ కాదు, ఆరిపోయిన పిండి దీపం, వత్తి కాలిన మచ్చతో సహా. గుడ్డ రవికె ముక్క. రైటర్ తల ఎత్తి, "మీ సెల్లార్‌లో ఈ మధ్య కొత్త బండి ఎవరు కొన్నారు?" అని అడిగారు. ఎవరూ పలకలేదు. పెద్దాయన అల్లుడు ముందురోజే కొత్త స్కూటరు తెచ్చి, పూజ చేయించి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించాడు. ఊడ్చే అమ్మాయి పూజ సామాను చెత్తలో వేయడానికి మనసొప్పక, గుడ్డలో చుట్టి పైన పెట్టింది. కేసు అక్కడితో అయిపోయింది.

అయిపోలేదు, నాకు కావలసింది ఆ తర్వాత జరిగింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు పెద్దాయన చేత కాగితం రాయించుకున్న తర్వాత, రైటర్ ఆ మూట నాకు ఇస్తూ, అదే గొంతుతో, "దారిలో పారేయకండి, పారే నీళ్లలో వేయండి," అన్నారు. తర్వాత లేచి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చారు. గుండుసూదులను మాత్రం వేరే కాగితంలో మడిచి తన సొరుగులో పెట్టుకున్నారు. బండి పూజలో గుండుసూదులకేం పని అని ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఈ తరహా నవల మొత్తం ఆ సొరుగులో ఉంది.

మంత్రానికి బరువు వచ్చేది మెరుపుల వల్లా ఉరుముల వల్లా కాదు. దాన్ని ఒక గుమాస్తా సీరియల్ నంబరు వేసి నమోదు చేయవలసి రావడం వల్ల. మన చట్టమే ఎంత సరుకు ఇస్తుందో చూడండి. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం ఎఫ్‌ఐఆర్ కోసం సమాచారం ఇచ్చినవాడు సంతకం పెట్టాలి. దర్యాప్తులో పోలీసులు నమోదు చేసే సాక్షి వాంగ్మూలం మీద మాత్రం సాక్షి సంతకం ఉండకూడదు, 181వ సెక్షన్. అంటే కలం పట్టుకోలేని దెయ్యం ఫిర్యాదుదారు కాలేదు గానీ సాక్షిగా నిక్షేపంగా పనికి వస్తుంది! ఇక సాక్ష్య అధినియమం 26వ సెక్షన్, చనిపోయిన వ్యక్తి తన మరణకారణం గురించి చెప్పిన మాట పరిగణనలోకి వస్తుంది అంటుంది. పోయేముందు చెప్పిన మాట అనే దాని ఉద్దేశం. కానీ పోయిన తర్వాత చెబితే? మా వకీలును అడిగాను. ఫైలు చూసుకో అన్నారు.

నదుల సంగతి. ఆరనోవిచ్ థేమ్స్‌నూ దాని ఉపనదులనూ మనుషుల రూపంలో ఉండే దేవతలను చేశాడు. ఎగువ దిగువల మధ్య తగవును కానిస్టేబుల్ తీర్చవలసి వస్తుంది. అది చదివిన ప్రతి హైదరాబాదీకీ మూసీ గుర్తు రావాలి. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో వేలమంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. నవాబు మహబూబ్ అలీ ఖాన్ ఒడ్డుకు వచ్చి నదికి చీర, పసుపు కుంకుమలు సమర్పించి శాంతించమని వేడుకున్నాడనీ చెప్పుకుంటారు. ఆ తర్వాత 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. నా లెక్కలో ఇది చీర పెట్టి మాట తీసుకుని, తర్వాత అక్కచెల్లెళ్లిద్దరినీ గృహనిర్బంధం చేసిన కేసు. ఇద్దరూ బాపూఘాట్ దగ్గర కలుసుకుని ఏం మాట్లాడుకుంటారో ఒక ఎస్సై వెళ్లి అడగాలి. అన్నట్టు ఆ మూటను మూసీలోనే వేద్దామని చాదర్‌ఘాట్ వంతెన దాకా వెళ్లాను. వంతెనకు రెండువైపులా చెత్త పడకుండా వల కట్టారు. పారే నీళ్లలో వేయండి అని ఎవరైనా సులభంగా చెప్పేస్తారు.

ఏది ముందు చదవాలి అన్నారు కదా. 'రివర్స్ ఆఫ్ లండన్'తోనే మొదలుపెట్టండి, వరస తప్పకండి. జిమ్ బుచర్ 2000లో 'స్టార్మ్ ఫ్రంట్'తో మొదలుపెట్టిన డ్రెస్డెన్ కథలను కూడా చాలామంది చెబుతారు. అందులో షికాగో పోలీసులకు ఒక ప్రైవేటు మాంత్రికుడు సలహాదారు. నడక వేగంగానే ఉంటుంది గానీ, మళ్లీ ప్రైవేటు మనిషే కదా, నాకు ఆనలేదు.

తెలుగులో రాయదలచినవాళ్లకు ఒక మాట. బంజారాహిల్స్‌కు రక్తపిశాచాలను దిగుమతి చేయకండి. మన దగ్గర దిష్టి ఉంది, బాణామతి ఉంది, దర్గాల్లో కట్టే దారాలున్నాయి, ఇవన్నీ రోజూ స్టేషన్ గడప దాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. రిటైరైన స్టేషన్ రైటర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి మీరే రాయండి. కొట్టివేతలు ఉన్నా ఫరవాలేదు, నేను ఉచితంగా శుభ్రప్రతి తయారు చేసి పెడతాను. పబ్లిషరు అట్ట మీద పుర్రె బొమ్మ వేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి.