ముగ్గురికీ ఒకటే సౌండ్ పెట్టకు

విజయనగరం

చిన్నా,

మావయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టలేదు. సంతోషంతోనేలే. శ్రీకాకుళంలో ఒకే సాయంత్రం, ఒకే స్టేజి మీద ఒక రాక్ బ్యాండు, ఇద్దరు ర్యాపర్లు, ల్యాప్‌టాప్‌తో వింత శబ్దాలు చేసే ఒక అమ్మాయి! ముప్పై ఏళ్లకి పైగా మైక్‌సెట్ నడిపాను. పెళ్లిళ్లు, గుడి ఉత్సవాలు, హరికథలు, నాటకాలు అన్నీ చూశాను. ఇలాంటిది మన ఇంటి పిల్లాడే పెడతానంటే అంతకన్నా ఏం కావాలి?

కానీ నువ్వు ఒక మాటన్నావు. "సెట్ ఒకటే కదా మావయ్యా, ఒకసారి సరిచేసి పెట్టేస్తే ముగ్గురికీ సరిపోతుంది" అని. ఆ మాట గురించే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. కాగితం మీదైతే ఆ రోజు జేబులో ఉంటుంది.

ముందు హాలు సంగతి. నువ్వు మాట్లాడుకున్న కల్యాణ మండపంలో నేను రెండు పెళ్లిళ్లకి పనిచేశాను. కింద నున్నటి టైల్స్, చుట్టూ ఖాళీ గోడలు, పైన ఎత్తుగా శ్లాబు. సన్నాయికి పర్వాలేదు గానీ మాటకి పనికిరాదు. ఖాళీగా ఉన్నప్పుడు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టి విను. చప్పట అయిపోయాక కూడా దాని తోక గాల్లో తిరుగుతూ ఉంటుంది. రేపు మీ ర్యాపర్ల మాటల్ని మింగేది ఆ తోకే. వెనక గోడకి షామియానా పరదాలు మడతలు మడతలుగా, గోడకి జానెడు ఎడంగా కట్టించు. స్టేజి ముందు జంపఖానాలు పరిపించు. జనం నిండాక ఇంకాస్త తగ్గుతుంది, మనుషుల ఒళ్లూ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి. అందుకే నాలుగింటికి ఖాళీ హాల్లో కుదిరిన సౌండ్ ఏడింటికి కుదరదు. అప్పుడు కంగారు పడకు, మళ్లీ చెవి పెట్టి చూసుకో.

ఇక ర్యాపర్లు, బీట్ మీద మాటల్ని దరువుగా చెప్పేవాళ్లు. ఈ సంగీతం పుట్టుక వింటే నాకు మా మైక్‌సెట్ వాళ్ల కథే విన్నట్టుంటుంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్ట్‌మెంట్‌లో, బడులు తెరిచే ముందు ఒక అమ్మాయి పార్టీ పెట్టింది. పాటలు వేసింది వాళ్ల అన్నయ్య. అతనే డీజే కూల్ హెర్క్. జమైకాలో పుట్టి, పన్నెండేళ్లప్పుడు అమెరికా వెళ్లాడు. పెద్ద పెద్ద బాక్సులు బయట పెట్టి ఊరంతటికీ పాటలు వినిపించే అలవాటు ఉన్న దేశం నుంచి వచ్చినవాడు. రికార్డులో గొంతు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే చోట జనం ఎక్కువగా ఎగురుతున్నారని కనిపెట్టాడు. అదే రికార్డు రెండు కాపీలు పెట్టి, ఒకదాంట్లో ఆ ముక్క అవగానే రెండోదాంట్లో మొదలుపెట్టి, దాన్ని కావలసినంత సేపు సాగదీశాడు. ర్యాప్ పుట్టిన హిప్-హాప్ సంగీతానికి పునాది అదే. చూశావా, బాక్సుల పక్కన నిలబడి జనం వైపు చూస్తున్నవాడి చేతుల్లో పుట్టింది అది. మన పని చిన్న పని అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పు.

వాళ్ల బీట్‌లో కడుపులో తగిలే ఆ బేస్‌ని 808 అంటారని నీకు తెలుసు. రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చిన డ్రమ్ మెషిన్ పేరు అది. నిజం డ్రమ్‌లా మోగడం లేదని పెద్ద స్టూడియోలు దాన్ని అంతగా పట్టించుకోలేదు. 1983 కల్లా తయారీ ఆగిపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికేసరికి డబ్బుల్లేని కుర్రాళ్లు కొనుక్కున్నారు. ఎవరికీ నచ్చని ఆ శబ్దమే ఇవాళ ప్రపంచమంతా మోగుతోంది.

ఇక్కడే నీకు చిక్కు. ఆ బేస్ పెంచితే మాట మునిగిపోతుంది, మాట కోసం తగ్గిస్తే బీట్‌లో ప్రాణం పోతుంది. మైకులన్నీ వచ్చి కలిసే మిక్సర్‌లో గొంతు మైకులకి లో-కట్ అని, కింది శబ్దాన్ని కోసేసే బటన్ ఉంటుంది, నొక్కెయ్. 100 హెర్ట్జ్ కింద మనిషి మాటకి కావలసింది పెద్దగా ఏమీ ఉండదు, ఆ చోటంతా బీట్‌కి వదిలెయ్. ర్యాపర్లు వీడియోల్లో చూసి మైకు తలకాయని గుప్పిట్లో పట్టుకుంటారు. అలా మూస్తే మాట ముద్దవుతుంది, పైగా మైకు కూత పెడుతుంది. రిహార్సల్లోనే చెప్పి మాన్పించు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కదా, ఆ అచ్చులు హాలు తోకలో ఒకదాని మీద ఒకటి పడతాయి. అర్థాన్ని మోసేవి హల్లులూ ఒత్తులూ. అవి వినబడాలంటే బేస్, ట్రెబుల్ రెండూ పెంచుకుంటూ పోవడం కాదు, ఆ రెండింటి మధ్య ఉండే 'మిడ్' చూసుకోవాలి. పరీక్ష ఒకటి చెబుతాను. పాట తెలియని కుర్రాణ్ణి ఆఖరి వరసలో కూర్చోబెట్టి, వినబడింది వినబడినట్టు నాలుగు లైన్లు రాయమను. రాయగలిగితే చాలు.

ఇది నాకు హరికథలు నేర్పిన పాఠం. 1919లో మన ఊళ్లో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్నది ఆదిభట్ల నారాయణదాసు గారు, హరికథా పితామహుడు. ఆ దారిలో వచ్చిన దాసులకి నేను ఎన్నో ఏళ్లు మైకు పెట్టాను. ఒకే మనిషి పద్యం పాడతాడు, వచనం చెబుతాడు, గజ్జె కట్టి అడుగు వేస్తాడు. పాటకి సరిపోయిన వాల్యూమ్ వచనానికి సరిపోదు. చెయ్యి శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ మీద, కళ్లు ఆయన పెదాల మీద ఉండాలి. మీ ర్యాపర్లకీ అచ్చం అంతే.

ఇంకో సంగతి వాళ్లతో చెప్పు. స్టేజి ఎక్కగానే సినిమా తెలుగులోకి మారిపోవద్దని. "ఏటి", "ఎల్తన్నాం" అనే యాసలో దరువు ముందే ఉంది. పార్వతీపురం దగ్గర పుట్టిన వంగపండు ప్రసాదరావు గారు ఈ మాటతోనే తెలుగు నేలంతా పాడి వచ్చారు.

రాక్ బ్యాండు గురించి. వాళ్లు ఇండీ బ్యాండు అన్నావు. ఇండీ అంటే ఒక రకం శబ్దం అనుకుంటే పొరపాటు. పెద్ద కంపెనీ అండ లేకుండా సొంతంగా చేసుకోవడం అని దాని మొదటి అర్థం. బజ్‌కాక్స్ అనే బ్యాండు పెట్టిన మాంచెస్టర్ కుర్రాళ్లు 1977లో అప్పు చేసి తమ మొదటి రికార్డు తామే వేసుకున్నారు. ఆ తోవలో వచ్చిన బ్యాండుల్లో గుసగుసగా పాడేవాళ్లున్నారు, గిటార్లతో గోడ కట్టేసేవాళ్లున్నారు. పిక్సీస్ అనే బ్యాండు మెల్లగా నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మీ వాళ్లు అలాంటివాళ్లయితే, ఆ విరుచుకుపడే చోట నీ చెయ్యి ఫేడర్ తగ్గించకూడదు. ఆ తేడానే వాళ్ల పాట. సోనిక్ యూత్ అనే బ్యాండు వాళ్లయితే గిటార్లని మామూలు శ్రుతిలో ఉంచకుండా ఒక్కో పాటకి ఒక్కోలా బిగించుకునేవాళ్లు, తీగల మధ్య స్క్రూడ్రైవర్ దోపేవాళ్లు. కాబట్టి మీ గిటారు కుర్రాడి శ్రుతి తేడాగా వినిపిస్తే, తప్పు అనేముందు అడుగు.

ఆ హాల్లో డ్రమ్స్‌కి మైకులు అక్కర్లేదు. కావాలంటే కాలితో మోగించే కిక్ డ్రమ్‌కి ఒకటి చాలు. డ్రమ్స్ ఎంత మోగుతున్నాయో అదే నీ కొలబద్ద, గొంతుని దాని పైకి తీసుకురా, మిగతావన్నీ ఆ తర్వాత. గిటార్ యాంప్‌ని నేల మీద పెడితే వాయించేవాడి మోకాళ్లకి వినబడుతుంది గానీ చెవులకి కాదు, అందుకే పెంచుకుంటూ పోతాడు. స్టూలు ఎక్కించి మొహం వైపు వంచు. తనే తగ్గిస్తాడు.

ఆ ల్యాప్‌టాప్ అమ్మాయి గురించి చెప్పాల్సింది ఎక్కువుంది, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే. చాలా ఏళ్ల కిందట ఒక కాలేజీ కార్యక్రమంలో ఒక కుర్రాడు ఒక్కడే టేబుల్ దగ్గర కూర్చుని వాయిస్తున్నాడు. సన్నగా ఒక కూత మొదలైంది. నెమ్మదిగా లేస్తోంది. మైకు కూత పెడుతోందనుకుని నా చెయ్యి దానంతటదే ఫేడర్ కిందికి లాగేసింది. హాలంతా నిశ్శబ్దం. ఆ కుర్రాడు చేతులు తీసేసి నా వైపు చూశాడు. ఒక్క మాట అనలేదు. ఆ కూతే అతని పాట అని అప్పటికి గాని నాకు తెలియలేదు. కార్యక్రమం అయ్యాక వెళ్లి క్షమించమన్నాను, నవ్వి ఊరుకున్నాడు. ఆ చూపు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకని ఆ అమ్మాయిని ముందురోజే కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడుగు: "వీటిలో మీ శబ్దాలు ఏవి, నేను ఆపాల్సినవి ఏవి?" వరసగా వినిపించమను. కాగితం మీద నిమిషాలు వేసుకో.

వింత శబ్దం అని ఎవరైనా నవ్వితే నువ్వు నవ్వకు. జముకు గుర్తుందా? గుండ్రటి డొల్ల, ఒక పక్క తోలు, తోలు మధ్యలోంచి ఒక తీగ, తీగ కొసన చిన్న పుల్ల. డొల్లని చంకలో ఇరికించి, పుల్ల పట్టుకుని తీగని బిగిస్తూ వదులుతూ మీటుతారు. శబ్దం నిలబడదు, జారుతుంది, మనిషి మూలిగినట్టు. మొదటిసారి నేను మైకుని తోలుకి ఆనించినంత దగ్గర పెట్టాను. గుమ్ గుమ్ తప్ప ఏమీ రాలేదు. జానెడు వెనక్కి లాగి తీగ వైపు తిప్పాక ఆ జారుడు బయటికొచ్చింది. కొత్త శబ్దం దొరికినప్పుడల్లా ఇంతే, మైకు ఎక్కడ పెట్టాలో ఆ శబ్దమే చెబుతుంది.

1948లో పియర్ షెఫర్ అనే ఫ్రెంచి రేడియో ఇంజనీరు రైళ్ల చప్పుళ్లు రికార్డు చేసి, వాటిలో ముక్కల్ని తిప్పి తిప్పి వేసి సంగీతం అన్నాడు. ఆమదాలవలస స్టేషన్లో ఒక గంట కూర్చుంటే అతనికి ఏం వినిపించిందో నీకూ వినిపిస్తుంది. 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ ఆ 808 పెట్టుకుని పది రాగాలు వాయించి రికార్డు వేశాడు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ విడుదలైతే ప్రపంచం ఆశ్చర్యపోయింది. ఇవి ఆ అమ్మాయికి తెలిసే ఉంటాయి, నీకు తెలియాలని రాస్తున్నాను.

ఆమె పాటలో నిశ్శబ్దాలు కూడా ఉంటాయి. వాటిలోకి మన జనరేటర్ దూరకూడదు. దాన్ని మండపం వెనక్కి, గోడ అవతలికి తోయించు. ఆమె వాయించేంతసేపూ స్టేజి దగ్గరి ఫ్యాన్లు ఆపించు. టీ గ్లాసుల వాడికి ముందే చెప్పు.

వరస ఇలా పెట్టు: ముందు ఆ అమ్మాయి, తర్వాత ర్యాపర్లు, ఆఖర్న బ్యాండు. రాక్ విన్న చెవులు కాసేపటిదాకా సన్నటి శబ్దాలు పట్టుకోలేవు, అందుకని సన్నటివి ముందు రావాలి. సౌండ్ చెక్ మాత్రం తలకిందులుగా, ఆఖర్న వాయించేవాళ్లది మొదట. అప్పుడు మొదటి కార్యక్రమానికి స్టేజి సిద్ధంగా మిగులుతుంది. ప్రతి చెక్ అవగానే మిక్సర్ ఫోటో తీసుకో. మార్పిడి టైమ్‌లో ఆ ఫోటో చూసి బటన్లన్నీ మళ్లీ ఆ చోటికి తెచ్చుకోవాలి. డ్రమ్స్ స్టేజి మీదే ఉంటాయి కాబట్టి స్నేర్ డ్రమ్ కింద తీగల లీవర్ వదులు చేసి పైన గుడ్డ కప్పు. లేకపోతే ఆ అమ్మాయి బేస్ కొట్టినప్పుడల్లా అవి చిరచిరమంటాయి.

కరెంటు విషయంలో బతిమాలుతున్నాను. యాంప్‌లకీ మిక్సర్‌కీ ఎర్తింగ్ ఒకే చోటినుంచి రావాలి. బాక్సుల్లో గుయ్‌మని హమ్ వస్తోందని ఎవడైనా ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకేస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపు. గిటార్ తీగ మీద చెయ్యీ, మైకుకి పెదవీ తగిలినప్పుడు ప్రాణాలే పోవచ్చు. సీరియల్ లైట్లకి వేరే లైన్ తీయించు, హమ్ సగం అక్కడే పోతుంది.

చెవులు కూడా. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు ఓర్చుకునే చెవి, 100 దగ్గర పావుగంటకి మించి ఓర్చుకోలేదని లెక్క. నా ఎడమ చెవిలో ఇరవై ఏళ్లుగా హోరు ఉంది. మెడికల్ షాపులో ఇయర్‌ప్లగ్స్ అడిగి డ్రమ్స్ కుర్రాడికీ నీకూ తెచ్చిపెట్టు.

పోలీస్ పర్మిషన్ రాతపూర్వకంగా తీసుకో, పదిలోపు ముగించు.

నేను ముందురోజు పొద్దున్న బస్సుకే వస్తాను. పాత జంపఖానాలు రెండూ, జముకుకి వాడిన మైకూ పట్టుకొస్తాను. మీ అమ్మని చేపల పులుసు వండమను. నేను దిగేసరికి ఆ అమ్మాయిని మండపానికి రమ్మను, ముందు ఆమె శబ్దాలు నేనూ వినాలి.

మీ మావయ్య