వ్యాన్‌లో చేసిన హెచ్‌ఐవీ పరీక్షను నమ్మవచ్చా?

ప్రశ్న: నా వయసు 29. మాది పల్నాడు జిల్లాలో చిన్న పల్లె. లారీ డ్రైవర్‌గా పనిచేస్తున్నాను. ఏడు వారాల క్రితం కండోమ్ లేకుండా ఒకరితో కలిశాను. తర్వాత మర్మాంగం మీద నొప్పి లేని పుండు వచ్చింది. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు ఐదు రోజులు వాడాక మానిపోయింది. పోయిన వారం మా ఊరికి వచ్చిన వ్యాన్‌లో వేలి నుంచి రక్తం తీసి, హెచ్‌ఐవీ లేదన్నారు. ఆ పరీక్షను నమ్మవచ్చా? గుంటూరులో ప్రైవేటు ల్యాబ్‌లో మళ్లీ చేయించుకోవాలా? నా పేరు ఊళ్లో బయటపడుతుందా? నా భార్యకు ఇప్పుడు ఐదో నెల.

జవాబు: పరీక్షను నమ్మవచ్చు. అయితే అది జరిగిన సమయం సరిపోదు. వైరస్ ఒంట్లోకి చేరినా, ఈ పరీక్షకు దొరికేంతగా యాంటీబాడీలు (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే రక్షక పదార్థాలు) తయారు కావడానికి కొందరిలో మూడు నెలల వరకు పట్టవచ్చు కనుక, ఆరు వారాలకు వచ్చిన నెగెటివ్‌ను ఊరటగా తీసుకోండి కానీ తుది తీర్పుగా తీసుకోకండి. మూడు నెలలు నిండాక ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రం) మళ్లీ ఉచితంగా చేయించుకోండి; ఇందుకోసం ప్రైవేటు ల్యాబ్‌కు డబ్బు పెట్టనక్కరలేదు. అప్పటివరకు కండోమ్ తప్పనిసరి, రక్తదానం చేయవద్దు. ఒకవేళ వ్యాన్‌లో పాజిటివ్ అని వచ్చినా, ఐసీటీసీలో వేర్వేరు కిట్లతో మూడు పరీక్షలు చేశాకే నిర్ధారిస్తారు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన పుండు. కలిసిన కొన్ని వారాలకు నొప్పి లేని పుండు వచ్చిందంటే ముందుగా సిఫిలిస్ అనే సుఖవ్యాధిని అనుమానించాలి. చూడకుండా అదేనని చెప్పలేను. కానీ ఆ పుండు మందు వాడినా వాడకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే మానుతుంది, క్రిమి మాత్రం రక్తంలో ఉండిపోతుంది. అందువల్ల మాత్రలతో నయమైందని మీరు అనుకోవడం ప్రమాదం. ఏ మందో, ఎంత మోతాదో తెలియకుండా ఐదు రోజులు మింగడం వల్ల జబ్బు తగ్గకపోగా లక్షణాలు మరుగున పడి, వైద్యుడికి గుర్తించడం కష్టమవుతుంది. ఇలా షాపు మాత్రలతో నెలలు గడిపి, ఆలస్యంగా వచ్చేవారిని నేను తరచుగా చూస్తున్నాను. ఆ రోజే పీహెచ్‌సీకి వెళ్లి ఉండాల్సింది. ఇప్పుడైనా ఈ వారంలోనే జిల్లా ఆసుపత్రిలోని సుఖవ్యాధుల విభాగంలో, అంటే సురక్ష క్లినిక్‌లో, సిఫిలిస్‌కు రక్తపరీక్ష చేయించుకోండి. తొలి దశలోనే తేలితే సాధారణంగా పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది, అయితే దాన్ని వైద్యుల పర్యవేక్షణలోనే తీసుకోవాలి.

ఆ తర్వాత మీరు మీ భార్యతో కలిశారో లేదో రాయలేదు. కలిశారనే అనుకుని చెబుతున్నాను. గర్భిణికి సిఫిలిస్ సోకి చికిత్స అందకపోతే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, లేదా జబ్బుతో పుట్టవచ్చు. హెచ్‌ఐవీకి చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సకాలంలో హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడితే అది 5 శాతం లోపునకు తగ్గుతుంది. గర్భం తొలి నెలల్లో ఆమెకు ఈ పరీక్షలు చేసి ఉన్నా అవి మీ పుండుకు ముందువి కావచ్చు కాబట్టి మళ్లీ చేయించాలి. పీహెచ్‌సీలో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు ఉంటాయి, కానీ అంతవరకు ఆగకండి.

పేరు బయటపడుతుందన్న భయం సహజమే. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని ఊళ్లో ఎవరికీ చెప్పకూడదు. భార్యకు ఎలా చెప్పాలో తోచకపోతే ఐసీటీసీ కౌన్సెలర్ సాయం తీసుకోండి, లేదా 1097కు ఉచితంగా ఫోన్ చేయండి. క్లినిక్‌కు వెళ్లేటప్పుడు ఆ మాత్రల అట్ట ఇంకా ఉంటే వెంట తీసుకెళ్లి, మీరు ఏం మింగారో వైద్యుడికి చూపించండి.