మోకాలికి ‘జెల్ పెట్టడం’, జెల్ ఇంజెక్షన్ ఒకటేనా? నా అనుభవం

మీ తమ్ముడికి 27 ఏళ్లు, కబడ్డీలో మోకాలు మెలిక తిరిగింది, ఎం.ఆర్.ఐ.లో కార్టిలేజ్ (ఎముక కొనల మీది నున్నటి పొర) ఒకచోట ఎముక దాకా ఊడిపోయిందని వచ్చింది, డాక్టరు ‘జెల్ పెడదాం’ అన్నారు అని రాశారు. అమ్మగారికి వేసిన జెల్ ఇంజెక్షనూ ఇదీ ఒకటేనా అని అడిగారు. ఒకటి కాదండి. ఈ తేడా తెలియకే నేను ఏడు నెలలు పోగొట్టుకున్నాను.

మాది తిరుపతి, తాతయ్యగుంట దగ్గర. నా 31వ ఏట పాకాల రోడ్డులో బండి మీద నుంచి పడ్డాను. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ దాని మీది కార్టిలేజ్ కనిపించదు. ‘గుజ్జు తగ్గింది’ అని ఒకచోట మూడు ఇంజెక్షన్లు వేశారు. అవి హైలురోనిక్ యాసిడ్‌వి. కీలులో జారుడు పెంచుతాయి, కొందరికి నొప్పి తగ్గుతుంది. ఊడిన చోట కొత్త పొర మాత్రం రాదు. కీలులోని ద్రవాన్నీ, ఎముక కొనల మీది నున్నటి పొరనూ మనం రెంటినీ ‘గుజ్జు’ అనేస్తాం, గందరగోళమంతా అక్కడే.

ఆ పొరకు రక్తనాళాలు లేవు. అందుకే చర్మం మీది గాయం మానినట్టు అది మానదు. పొర ఊడిన గుంత చిన్నదైతే మైక్రోఫ్రాక్చర్ చేస్తారు. అడుగున ఎముకకు సన్నటి రంధ్రాలు పెడితే మజ్జలోంచి రక్తం ఊరి గడ్డకడుతుంది, దాని మీద మచ్చలాంటి పొర వస్తుంది. అసలు పొరంత గట్టిది కాదది. ఆ గడ్డ ఊడిపోకుండా పట్టి ఉంచడానికే కొన్ని జెల్‌లు ఉన్నాయి. రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ను రోగి రక్తంలోనే కలిపి గుంతలో నింపుతారు.

నాది 4 చదరపు సెంటీమీటర్ల గుంత. అందుకని చెన్నైలో కణాల పద్ధతి చేశారు, 1987లో స్వీడన్‌లో మొదటిసారి మనిషికి చేసింది. రెండు ఆపరేషన్లు. మొదటిసారి బరువు పడని చోటు నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబ్‌లో కొన్ని వారాలు కణాలు పెంచారు. రెండోసారి వాటిని రక్తం గడ్డకట్టేలా చేసే ఫైబ్రిన్ అనే ప్రోటీన్ జెల్‌లో కలిపి గుంతలో పోశారు. జెల్ పందిరి లాంటిది, పాకాల్సిన తీగ కణాలే.

అసలు పరీక్ష ఆ తర్వాతే. ఆరు వారాలు ఊతకర్రలు, కాలిని మెల్లగా మడిచి చాపే మెషిన్ మీద రోజూ గంటల తరబడి. నాలుగో వారంలో గంగ జాతర వచ్చింది. ఇంటి ముందు జనాన్ని చూసి ఆగలేక, కర్రలు పక్కన పెట్టి రెండు గంటలు నిలబడ్డాను. రాత్రికి మోకాలు ఉబ్బిపోయింది, ఆ టెన్షన్‌కు నిద్ర లేదు. పొర దెబ్బతినలేదు గానీ కర్రలు ఇంకో రెండు వారాలు పెంచారు. మీ తమ్ముడికి ఆ ఆరు వారాలు ఇంట్లో ఎవరో ఒకరు తోడుండాలి, ఆపరేషన్ తేదీ దానికి తగ్గట్టు పెట్టుకోండి.

డాక్టరును తప్పక అడగండి: గుంత ఒకచోటేనా, కీలంతా అరిగిందా? ఎన్ని చదరపు సెంటీమీటర్లు? కాలు వంకర ఉందా, లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీలు) బాగున్నాయా? వంకర సరిచేయకుండా పొర వేస్తే అదే చోట మళ్లీ భారం పడి అరుగుతుంది. అమ్మగారిలా కీలంతా అరిగిన వాళ్లకు ఈ పద్ధతి పనికిరాదు.

నయమైతే మోకాళ్ల పర్వతం మోకాళ్ల మీద ఎక్కిస్తానని అమ్మగారు మొక్కుకున్నారన్నారు. నేను ఏడాదిన్నరకు శ్రీవారి మెట్టు 2388 మెట్లు ఆగి ఆగి ఎక్కాను, దిగేటప్పుడు బస్సే. దిగడంలోనే మోకాలికి భారం ఎక్కువ. నడిచి ఎక్కడం సంగతి డాక్టరు సరేనన్నాక చూసుకోవచ్చు. మోకాళ్ల మీద ఎక్కే మొక్కు మాత్రం తమ్ముడి తరఫున ఇంట్లో ఇంకెవరైనా తీర్చండి.